అమెరికా తొలి ఖండాంతర రైలు మార్గం, దాని కింది భూమి: తరచుగా అడిగే ప్రశ్నలు

రైలు మార్గం కథ చెప్పేటప్పుడు ఎంతసేపూ వంతెనలు, సొరంగాలు, ఇంజన్ల గురించే మాట్లాడుకుంటాం. ఆ పట్టాల కింద ఉన్న భూమి అంతకు ముందు ఎవరిది, ఏ కాగితం మీద చేతులు మారింది, దానికి ఎవరు ఎంత చెల్లించారు అన్నది పక్కన పడిపోతుంది. 1860ల్లో అమెరికా పడమటి సరిహద్దు ప్రాంతంలో కట్టిన రైలు మార్గం విషయంలో అసలు కథంతా ఆ భూమిదే. అందుకే ఈ పేజీలో దాని గురించే ఎక్కువ ఉంటుంది.

ఇది ఏ రైలు మార్గం?

నెబ్రాస్కాలోని ఒమాహా నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో వరకు సుమారు 1,776 మైళ్లు వేసిన లైను. తూర్పు నుంచి యూనియన్ పసిఫిక్ కంపెనీ, పడమటి నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీ ఎదురెదురుగా కట్టుకుంటూ వచ్చి 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ సమ్మిట్ దగ్గర కలిశాయి. యూనియన్ పసిఫిక్ వాటా దాదాపు 1,086 మైళ్లు, సెంట్రల్ పసిఫిక్ వాటా 690 మైళ్లు. రెండోది తక్కువగా కనిపిస్తుంది కానీ, సియెర్రా నెవాడా కొండలను తొలుచుకుంటూ రావాల్సింది వాళ్లే.

కట్టింది ప్రైవేటు కంపెనీలైతే ప్రభుత్వం ఎందుకు కల్పించుకుంది?

మధ్యలో వందల మైళ్ల మేర టికెట్ కొనేవాళ్లూ లేరు, సరుకు పంపేవాళ్లూ లేరు. అలాంటి చోట సొంత డబ్బు పెట్టడానికి ఏ షావుకారూ ముందుకు రాడు. అప్పటికి అంతర్యుద్ధం నడుస్తోంది. బంగారం పండే కాలిఫోర్నియాను ఉత్తరాది రాష్ట్రాలతో గట్టిగా కట్టిపడేయాలన్న తొందర వాషింగ్టన్‌లో ఉంది. దక్షిణాది సభ్యులు కాంగ్రెస్ విడిచి వెళ్లిపోవడంతో, ఉత్తరం దారా దక్షిణం దారా అని ఏళ్ల తరబడి సాగిన పేచీ కూడా తీరిపోయింది. 1862 జులై 1న లింకన్ పసిఫిక్ రైల్వే చట్టం మీద సంతకం పెట్టాడు.

యుద్ధం వల్ల ఖజానాలో నగదు లేదు. ఉన్నదల్లా భూమి, అప్పు పుట్టించగల పరపతి. ఆ రెండూ కంపెనీలకు ఇచ్చారు.

పట్టాలు వేయడానికి ఎంత భూమి ఇచ్చారు?

ఇక్కడ రెండు రకాల భూమిని విడివిడిగా చూడాలి, చాలామంది రెంటినీ కలిపేస్తుంటారు. ఒకటి దారి హక్కు: ప్రభుత్వ భూమిలో పట్టాలకు అటు 200 అడుగులు, ఇటు 200 అడుగులు. కట్ట, కాలువలు, సైడింగులు అన్నీ ఇందులోనే. స్టేషన్లు, వర్క్‌షాపులు కట్టుకోవడానికి కావలసిన చోట్ల ఇంకొంచెం.

రెండోది భూదానం. దీనికీ పట్టాలు వేయడానికీ సంబంధం లేదు. అమ్ముకుని, తాకట్టు పెట్టుకుని డబ్బు చేసుకోమని ఇచ్చిన భూమి ఇది. 1862 చట్టం ప్రకారం వేసిన ప్రతి మైలుకు 10 సెక్షన్లు. సెక్షన్ అంటే చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. పెట్టుబడిదారులు అయినా కదలకపోయేసరికి 1864లో దీన్ని రెట్టింపు చేశారు: మైలుకు 20 సెక్షన్లు, 12,800 ఎకరాలు. మన దగ్గర ఒక మాదిరి గ్రామానికి ఉండే మొత్తం విస్తీర్ణం కన్నా ఎక్కువ భూమి ఒక్క మైలు పట్టా వేసినందుకు వచ్చేది. మొదటి చట్టంలో ఖనిజ భూములన్నీ మినహాయించారు. రెండో చట్టం బొగ్గు, ఇనుము ఉన్న భూములను ఆ మినహాయింపులోంచి తీసేసింది. వయోమింగ్‌లో లైను పక్కనే బొగ్గు ఉండటంతో యూనియన్ పసిఫిక్‌కు అది పెద్ద వరమైంది.

ఒకటి విడిచి ఒకటి సెక్షన్ ఇవ్వడం ఎందుకు?

ప్రభుత్వ సర్వేలో భూమిని ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని మళ్లీ 36 సెక్షన్లుగా కొలిచేవారు. అందులో బేసి సంఖ్య సెక్షన్లు రైలు కంపెనీకి, సరి సంఖ్యవి ప్రభుత్వానికి. మ్యాపు మీద రంగులేస్తే అచ్చం చదరంగం బల్లే.

లెక్క ఇది: రైలు వస్తే పక్క భూముల ధర పెరుగుతుంది. కాబట్టి ప్రభుత్వం తన దగ్గర మిగుల్చుకున్న సెక్షన్లను ఎకరం 1.25 డాలర్లకు బదులు 2.50కి అమ్ముకుంటే, దానం చేసిన సగం విలువ మళ్లీ చేతికి వచ్చేస్తుంది. కాగితం మీద చూస్తే ఎవరూ నష్టపోరు. కానీ సేద్యానికి నీళ్లు లేని ఎడారి గడ్డ మీద ఈ లెక్క పనిచేయలేదు. నెవాడాలో, వయోమింగ్‌లో ఆ సరి సంఖ్య సెక్షన్లు కొనేవాళ్లు లేక చాలా వరకు ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి. ఆ చిక్కు ఇప్పటికీ వదల్లేదు, కింద మళ్లీ వస్తుంది.

చట్టం రాగానే భూమి కంపెనీల పేరు మీదకి వచ్చేసిందా?

లేదు. కంపెనీ ముందు తన దారి మ్యాపును ప్రభుత్వానికి దాఖలు చేయాలి. వెంటనే ఆ దారికి ఇరువైపులా కొన్ని మైళ్ల వరకు కొత్తగా ఎవరూ భూమి కొనకుండా ఆపేస్తారు. తర్వాత కంపెనీ లైను వేయాలి. మొదటి చట్టంలో 40 మైళ్లు, రెండో చట్టంలో 20 మైళ్లు పూర్తయ్యాక ప్రభుత్వ కమిషనర్లు వచ్చి చూస్తారు. వాళ్లు సరే అంటేనే ఆ ముక్కకు చెందిన బాండ్లు (అప్పుగా ఇచ్చే ప్రభుత్వ పత్రాలు), భూమి విడుదలవుతాయి. సర్వే ఖర్చు కూడా కంపెనీయే కట్టాలి.

ఈ పద్ధతి వల్ల రెండు జరిగాయి. పని ఆగకుండా సాగింది, ఎందుకంటే ఆగితే డబ్బు ఆగుతుంది. నాణ్యత దెబ్బతింది, ఎందుకంటే మైళ్లు లెక్కపెడతారు కానీ వంకర్లు లెక్కపెట్టరు. ఒమాహా దాటగానే ఇంజనీర్ పీటర్ డే గీసిన సూటి దారిని మార్చి తొమ్మిది మైళ్లు అదనంగా తిప్పారు. డే అది భరించలేక 1864 చివర్లో రాజీనామా చేశాడు. ఈ కథలో నాకు ఎక్కువ గౌరవం కలిగించే మనుషుల్లో ఆయన ఒకడు.

మైలుకు అప్పు ఎంత ఇచ్చేవారు?

మైదానంలో మైలుకు 16,000 డాలర్ల బాండ్లు, రెండు కొండల వరసల మధ్య పీఠభూమిలో 32,000, కొండల్లో 48,000. ఇవి దానం కాదు, 30 ఏళ్లకు 6 శాతం వడ్డీ మీద ఇచ్చిన అప్పు. అప్పు తీర్చే విషయంలో తర్వాత కోర్టులు, కాంగ్రెస్ చుట్టూ దశాబ్దాలు తిరగాల్సి వచ్చింది.

మరి కొండ ఎక్కడ మొదలవుతుంది? మైలుకు మూడు రెట్ల తేడా ఉన్నప్పుడు అది చిన్న ప్రశ్న కాదు. రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ, శాక్రమెంటోకు ఏడు మైళ్ల దూరంలోని ఆర్కేడ్ వాగు దగ్గర మట్టి రంగు మారుతోంది కాబట్టి సియెర్రా కొండల పాదం అదేనని తేల్చాడు. అక్కడ నిలబడి చూస్తే చుట్టూ చదును నేలే. లింకన్ దానికి ఆమోదం ఇచ్చాడు. కంపెనీకి కొండల రేటు చదును నేల మీదే మొదలైంది.

దారిలో సొంత భూములు ఉన్నవాళ్ల సంగతి?

ముందు బేరం. కుదరకపోతే ఏ సంబంధమూ లేని ముగ్గురు కమిషనర్లను కోర్టు నియమించి వెల కట్టించేలా 1864 చట్టంలో ఏర్పాటు ఉంది. భూసేకరణ నోటీసు అందుకున్న మన రైతులకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అయితే ఈ మార్గంలో పట్టా ఉన్న భూస్వాములు రెండు చివర్లలోనే ఎక్కువ. మధ్యలో దాదాపు అంతా ‘ప్రభుత్వ భూమి’ అని రాసుకున్నారు.

అంటే అది నిజంగా ఖాళీ భూమేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

1862 చట్టం రెండో సెక్షన్‌లోనే, ఈ మార్గంలో పడే భూముల మీద ఇండియన్ల (అంటే అక్కడి ఆదివాసీ తెగల) హక్కును వీలైనంత త్వరగా రద్దు చేయాలని ఉంది. రద్దు చేయాలి అన్నారంటే హక్కు ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఆ చట్టం రాసినవాళ్లకు ఆ నేల ఎవరిదో తెలుసు.

ఒమాహా నగరం ఉన్న చోటు ఒమాహా తెగ 1854 ఒప్పందంలో వదులుకున్నది. ప్లాట్ నదికి ఉత్తరాన లైను సాగిన నేల పానీలది. 1857లో వాళ్లకు లూప్ నది పక్కన చిన్న రిజర్వేషన్ మిగిల్చి తక్కినదంతా తీసుకున్నారు. ఇంకా పడమటికి పోతే నార్త్ ప్లాట్, ఆర్కన్సా నదుల మధ్య దేశమంతా షయెన్, అరపహో తెగలదని 1851లో ఫోర్ట్ లారమీ ఒప్పందంలో అమెరికా ప్రభుత్వమే రాసిచ్చింది. పదేళ్లకే, 1861లో, కొద్దిమంది పెద్దల చేత ఇంకో కాగితం మీద గుర్తులు పెట్టించుకుని అందులో చాలా భాగం తీసేసుకుంది. ఆ కాగితం తమకు వర్తించదని తెగలో ఎక్కువమంది అన్నారు. నెవాడాలో పశ్చిమ షోషోనీలు 1863 రూబీ వ్యాలీ ఒప్పందంలో రైలు తమ దేశం గుండా పోవడానికి మాత్రమే ఒప్పుకున్నారు. భూమిని అమ్మలేదు. ఆ భూమి మాదేనన్న వాదన వాళ్ల వారసులు 20వ శతాబ్దం చివరి దాకా కోర్టుల్లో వినిపించారు.

ఈ కాగితాలేవీ చూడకుండా ‘నిర్మానుష్యమైన బీడు మీద రైలు వేశారు’ అని రాయడం చరిత్ర కాదు. అడవిలో పట్టా లేకుండా తరతరాలుగా పోడు చేసుకునేవాళ్లున్న తెలుగు నేల మీద, కాగితం లేకపోతే మనిషే లేనట్టు లెక్క కట్టడం ఎంత అన్యాయమో ఎవరికీ వివరించనక్కర్లేదు.

తెగలు ఎదిరించాయా?

ఎదిరించాయి. కాకపోతే ఆ యుద్ధాలన్నీ రైలు వల్లే అనుకోకూడదు. 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర విడిది చేసి ఉన్న షయెన్, అరపహోల మీద సైనికులు పడి 150 మందికి పైగా చంపేశారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తర్వాతి రెండు మూడేళ్లు సర్వేయర్ల మీద, మట్టిపని కూలీల మీద జరిగిన దాడులను ఈ నేపథ్యంతో చూడాలి. 1867 ఆగస్టులో ప్లమ్ క్రీక్ దగ్గర షయెన్ యోధులు పట్టాలు లేపి ఒక గూడ్సు రైలును పడగొట్టారు.

పానీలు మాత్రం కంపెనీకి కాపలా కాశారు. లకోటాలు, షయెన్‌లు వాళ్లకు పాత శత్రువులు, అందుకని సైన్యంలో స్కౌట్లుగా చేరారు. 1870ల్లో వాళ్లనూ నెబ్రాస్కా నుంచి దక్షిణాన ఉన్న ఇండియన్ టెరిటరీకి కదిలించారు. సాయం చేసినందుకు భూమి దక్కలేదు.

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో లకోటాలు తదితరులు మైదానాల్లో కడుతున్న రైలు మార్గాలను ఇక అడ్డుకోబోమని ఒప్పుకున్నారు. అప్పటికే లైను షయెన్ పట్టణం దాటిపోయింది. అనుమతి తర్వాత వచ్చింది, పట్టాలు ముందు పడ్డాయి.

దారి ఎలా ఎంచుకున్నారు?

పడమటి వైపు దారి థియోడర్ జూడా అనే ఇంజనీరుది. సియెర్రాలో రెండు వరసల కొండలు ఎక్కి దిగాల్సి వస్తుందని అందరూ భయపడుతుంటే, డచ్ ఫ్లాట్ ఊళ్లో మందుల షాపు నడిపే డేనియల్ స్ట్రాంగ్ చూపించిన ఒక పొడవాటి గట్టు మీదుగా డోనర్ కనుమకు ఒకే ఎక్కుడుగా పోవచ్చని ఆయన కనుక్కున్నాడు. శాక్రమెంటో వర్తకులు స్టాన్‌ఫర్డ్, హంటింగ్టన్, హాప్కిన్స్, క్రాకర్ డబ్బు పెట్టారు. త్వరలోనే జూడాకు వాళ్లతో చెడింది. వేరే పెట్టుబడి వెతకడానికి పనామా మీదుగా తూర్పుకు వెళ్తూ పచ్చజ్వరం తగిలి 1863 నవంబరులో చనిపోయాడు. తూర్పు వైపు ప్లాట్ నది లోయ సహజంగానే చదునైన దారి. రాకీ పర్వతాలు ఎక్కేచోట గ్రెన్విల్ డాడ్జ్ కనుక్కున్న మెత్తని వాలు పనికొచ్చింది.

కొండలు తొలిచింది ఎవరు?

చైనా నుంచి వచ్చిన కూలీలు, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం వాళ్లు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు 10 వేలకు పైగా ఉండేవారు. సెంట్రల్ పసిఫిక్ కూలీల్లో పదికి తొమ్మిది మంది వాళ్లే. డోనర్ కనుమ దగ్గర సమ్మిట్ సొరంగం పొడవు 1,659 అడుగులు. గట్టి గ్రానైట్. రెండు చివర్ల నుంచే కాక మధ్యలో పైనుంచి బావిలా దింపి అక్కడి నుంచీ రెండు వైపులా తొలిచారు, అంటే ఒకేసారి నాలుగు ముఖాల మీద పని. మామూలు తుపాకిమందు చాలక నైట్రోగ్లిసరిన్ అనే పేలుడు ద్రవాన్ని అక్కడే తయారు చేసి వాడారు. అయినా రోజుకు ఒకటి రెండు అడుగులే కదిలేది. 1866–67 చలికాలంలో 44 మంచు తుఫాన్లు వచ్చాయి. మంచు చరియలు విరిగి కూలీల గుడిసెలనే మింగేశాయి.

తెల్ల కూలీలకు జీతంతో పాటు తిండి, బస కంపెనీయే చూసేది. చైనీయులు తమ తిండి తామే కొనుక్కోవాలి. 1867 జూన్‌లో నెలకు 40 డాలర్ల జీతం, సొరంగాల్లో పని గంటల తగ్గింపు అడుగుతూ వేలాది మంది సమ్మె చేశారు. ఎక్కడా గొడవ లేదు, శాంతంగా పని ఆపేశారు. కంపెనీ వాళ్లకు సరుకులు రాకుండా ఆపేసింది. వారంలో సమ్మె ముగిసింది. కంపెనీ పద్దుల్లో చాలామందికి సొంత పేరు కూడా లేదు, ముఠా మేస్త్రీ పేరు కిందే జీతం రాసేవారు. చనిపోయినవాళ్ల లెక్క రాయనేలేదు. 1882లో చైనా కూలీలు అసలు దేశంలోకే రాకుండా అమెరికా చట్టం చేసింది. తూర్పు వైపు పని ఎక్కువగా ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చేశారు. యూటాలో మట్టిపని మోర్మన్లు (అక్కడ స్థిరపడిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు) కాంట్రాక్టుకు తీసుకున్నారు.

రెండు లైన్లు ఎక్కడ కలవాలో ముందే అనుకున్నారా?

లేదు, అదే పెద్ద తంటా. మైలు మైలుకూ భూమి, బాండ్లు వస్తుంటే ఎవరు ఆగుతారు? యూటాలో రెండు కంపెనీల మట్టిపని బృందాలు ఒకరినొకరు దాటిపోయి పక్కపక్కనే రెండు కట్టలు పోసుకుంటూ పోయాయి. చివరికి 1869 ఏప్రిల్‌లో కాంగ్రెస్ కల్పించుకుని కలిసే చోటు ఖరారు చేసింది. ఆ నెల 28న సెంట్రల్ పసిఫిక్ కూలీలు ఒక్కరోజులో పది మైళ్ల పట్టా వేశారు.

రైలుతో ఊళ్లు ఎలా పుట్టాయి?

స్టేషన్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది కంపెనీ. ఆ చుట్టూ ప్లాట్లు కొట్టి అమ్మేదీ కంపెనీయే. షయెన్, లారమీ అలా పుట్టినవే. రీనో కథ ఇంకొంచెం వేరు. అక్కడ వంతెన, సత్రం నడుపుకునే ఒకాయన డిపో పెడతామన్న హామీ మీద కంపెనీకి భూమి రాసిచ్చాడు. 1868 మేలో ప్లాట్ల వేలం జరిగింది. రింగ్ రోడ్డు ఎటు పోతుందో ముందే తెలిసినవాడికి ఏం దక్కుతుందో చూసిన మనకు ఈ వ్యాపారం సులభంగానే అర్థమవుతుంది.

సామాన్య రైతుకు ఆ భూములు దక్కాయా?

కొంత వరకు. 1862 మేలో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు సాగు చేస్తే 160 ఎకరాలు దాదాపు ఉచితం. కానీ రైలు పక్క సరి సంఖ్య సెక్షన్లలో చాలా ఏళ్లు 80 ఎకరాలే ఇచ్చారు. మంచి రవాణా కావాలంటే సగం భూమి, లేదంటే కంపెనీ దగ్గర కొనుక్కోవాలి. కంపెనీ ధర ఎప్పుడు ఖరారు చేస్తుందన్నదే ప్రాణాంతకమైన ప్రశ్న. ఇంకో లైనులో, సదరన్ పసిఫిక్ భూముల్లో, ఎకరం 2.50 డాలర్ల నుంచి అన్న మాట నమ్మి రైతులు వచ్చి కాలువలు తవ్వుకుని బాగు చేసుకున్నాక, కంపెనీ ఆ బాగుపడ్డ భూమికి ధర కట్టింది. 1880 మే 11న కాలిఫోర్నియాలోని మసెల్ స్లూ దగ్గర కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు.

క్రెడిట్ మొబిలియర్ కుంభకోణం ఏమిటి?

యూనియన్ పసిఫిక్ పెద్దలు వేరే పేరుతో ఒక నిర్మాణ కంపెనీ నడిపి, తమకు తామే ఎక్కువ రేట్లకు కాంట్రాక్టులు ఇచ్చుకున్నారు. రైలు కంపెనీ అప్పుల్లో మునిగినా నిర్మాణ కంపెనీ వాటాదారులు లాభపడ్డారు. ఆ వాటాలను ఓక్స్ ఏమ్స్ తోటి కాంగ్రెస్ సభ్యులకు చవగ్గా పంచాడు. 1872లో పత్రికలో బయటపడింది, 1873లో సభ ఆయన్ను అభిశంసించింది. అంతకు ముందు, 1871 తర్వాత కొత్త రైలు మార్గాలకు భూదానాలు ఆపేశారు. అప్పటికి అన్ని రైలు మార్గాలకూ కలిపి ఇచ్చిన ఫెడరల్ భూమి సుమారు 13 కోట్ల ఎకరాలు.

అదే కాలంలో మన దగ్గర రైళ్లు ఎలా కట్టారు?

మద్రాసు రైల్వే లాంటి కంపెనీలకు ప్రభుత్వం పట్టాలకు కావలసిన భూమిని 99 ఏళ్లకు ఉచితంగా ఇచ్చింది, పెట్టుబడి మీద 5 శాతం రాబడికి పూచీ పడింది. లాభం రాకపోతే ఆ లోటు ఇక్కడి పన్నుల నుంచే. రేణిగుంట, కడప, గుత్తి మీదుగా 1871లో రాయచూరు చేరిన లైను అలా కట్టిందే. అమెరికా కంపెనీల్లా పక్కనున్న లక్షల ఎకరాలు ఇక్కడి కంపెనీలకు ఇవ్వలేదు, ఎందుకంటే ఇక్కడ ఊరూ, పొలమూ, శిస్తు రిజిస్టరూ ముందే ఉన్నాయి. 1894లో వచ్చిన భూసేకరణ చట్టం 2013 చట్టం అమలయ్యే దాకా మన మీద నడిచింది.

ఆ చదరంగం గడుల గొడవ ఇప్పటికీ ఉందా?

ఉంది. రెండు ప్రభుత్వ గడులు మూలల దగ్గర మాత్రమే తాకుతాయి, మిగతా పక్కలన్నీ ప్రైవేటు గడులే. ఒక ప్రభుత్వ గడిలోంచి మూలగా ఇంకో ప్రభుత్వ గడిలోకి అడుగు వేస్తే పక్కవాడి గాలిలోంచి పోయినట్టా? వయోమింగ్ వేటగాళ్ల కేసులో ఇదే తేల్చాల్సి వచ్చింది. ప్రైవేటు నేలను తాకకుండా మూల దాటితే తప్పు లేదని 2025 మార్చిలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. అంతకు ముందు 1979లో, ఈ గడుల మీదుగా రోడ్డు వేసుకునే హక్కు ప్రభుత్వం తన కోసం దాచుకోలేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1862లో గీసిన గళ్లకు 2025లో తీర్పు.

ఆ లైను ఇప్పుడు చూడాలంటే?

ఫ్రీమాంట్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది ఇంటి పక్కనే. 1869 సెప్టెంబరులో శాక్రమెంటో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బే దాకా రైలును తెచ్చిన లైను నైల్స్ కాన్యన్ గుండానే పోయింది. ఇప్పుడు అక్కడ పాత రైళ్లు విహారానికి నడుపుతారు. తాహో వెళ్లే దారిలో డోనర్ కనుమ దగ్గర ఆగితే చైనా కూలీలు సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ కనిపిస్తుంది. పట్టాలు తీసేసిన సమ్మిట్ సొరంగంలో చాలామంది నడుస్తారు. అది ఇంకా రైలు కంపెనీ ఆస్తే, కాబట్టి అక్కడి బోర్డులు చదవండి, టార్చ్ లైటు పట్టుకెళ్లండి, వేసవిలోనే వెళ్లండి. సొరంగం గోడల మీద చేత్తో వేసిన ఉలి రంధ్రాలు వేలు పెట్టి తడిమి చూడొచ్చు, పిల్లలకు తప్పకుండా చూపించండి. ప్రొమాంటరీలో జాతీయ పార్కు ఉంది కానీ అసలు లైను అక్కడ లేదు. 1904లో గ్రేట్ సాల్ట్ లేక్ మీదుగా దగ్గర దారి వేశారు, 1942లో యుద్ధానికి ఇనుము కావాలని పాత పట్టాలు పీకేశారు. అక్కడ ఉన్న రెండు ఇంజన్లూ తర్వాత తయారు చేసిన నమూనాలు. పక్కపక్కన పోసిన ఆ రెండు కట్టలు మాత్రం అసలైనవే, వాటి వెంట నడిచే దారి కూడా ఉంది.